మలుపులో పికప్ రాదేం? ఆటోమేటిక్ కార్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ఫిర్యాదు. కారు పూర్తిగా ఆగదు, ఆగబోయేంతగా నెమ్మదిస్తుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. గేర్‌బాక్స్ రకాన్ని బట్టి కారణాలు మారతాయి కాబట్టి ఒక్కో రకానికి ఒక్కో ఉత్తరం తీసుకున్నాం. ఉత్తరాల్లోని కార్ల పేర్లు తీసేశాం. అలాంటి గేర్‌బాక్స్ ఉన్న ఏ కారుకైనా ఈ జవాబులు పనికొస్తాయి.

ప్రశ్న: మాది 1 లీటర్ టర్బో పెట్రోల్, 7 స్పీడ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఎస్‌యూవీ. 14,000 కి.మీ. తిరిగింది. యూటర్న్ దగ్గర 8, 10 కి.మీ. వేగానికి తగ్గించి, ఎదురుగా వచ్చే బండ్ల మధ్య సందు చూసుకుని తొక్కితే కారు కదలదు. సెకను ఆగి ఎగిరి దూకుతుంది. మా ఆవిడ నడపడానికే భయపడుతోంది. సర్వీస్ సెంటర్‌లో రెండుసార్లు చూపించాం. "స్కానర్‌లో ఏ కోడూ లేదు, ఇది నార్మలే సార్" అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సగం నిజం. కోడ్, అంటే కంప్యూటర్ రాసుకునే లోపం నంబరు, లేకపోవడం నిజమే అయివుంటుంది. సెన్సర్ వైరు తెగినా, దాని రీడింగ్ హద్దు దాటినా కోడ్ పడుతుంది. మీరు చెప్పే ఆలస్యం ఏ హద్దూ దాటదు. చాలావరకు అది ప్రోగ్రామ్ రాసిన తీరులోనే ఉంది. అలాగని దాన్ని తగ్గించుకునే మార్గం లేదని కాదు. "నార్మల్" అన్న మాటతో ప్రతిదాన్నీ సరిపెట్టనివ్వాల్సిన పనీ లేదు.

ముందు ఆ సెకనులో ఏం జరుగుతోందో చూద్దాం. మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మడం ఆగిపోతుంది. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 1,200కి పడ్డాక, ఇంజన్ ఆగిపోకుండా మళ్లీ మొదలవుతుంది. 10 కి.మీ. వేగంలో 2వ గేర్ ఉంటే ఇంజన్ తిరిగేది దాదాపు 800 ఆర్‌పీఎం దగ్గర. అంతకన్నా తగ్గితే ఇంజన్ కొట్టుకుని ఆగుతుంది. మాన్యువల్ కారులో అయితే అప్పుడు మీరే క్లచ్ తొక్కేవారు. డీసీటీలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది, క్లచ్‌ని విడదీస్తుంది. అంటే కారు ఆగడానికి సిద్ధమై కూర్చుంది. సరిగ్గా అప్పుడు మీరు వెళ్లమన్నారు.

ఇప్పుడు పనులన్నీ వరుసగా జరగాలి. మీ పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లు ఉంటాయి. వాటి సంకేతం చూసి కంప్యూటర్ థ్రాటిల్‌ని (ఇంజన్‌లోకి గాలి వదిలే రెక్కని) తెరుస్తుంది, అదీ కొంచెం నిదానించి. ఎందుకంటే గేర్ పళ్ల మధ్య, యాక్సిల్ కీళ్లలో కాస్త సందు ఉంటుంది. ఒక్కసారిగా బలం ఇస్తే అక్కడ "టక్" మని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు రాకూడదని మొదట కొద్దిగా బలమిచ్చి, సందు పూడాక మిగతాది ఇస్తుంది. ఈలోగా గేర్‌బాక్స్ కంప్యూటర్ 1వ గేరా, 2వ గేరా అని తేల్చుకోవాలి. డీసీటీలో 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 ఇంకో క్లచ్ మీద ఉంటాయి. రెండో క్లచ్ వైపు గేర్ ముందే ఎంచి ఉంచుకోవడం వీటి గొప్పతనం. మీరు ఆగుతారనుకుని అది 1వ గేర్ వేసి ఉంచితే త్వరగా కదులుతుంది. మీరు బ్రేక్ మీంచి కాలు తీసి, వేసి, మళ్లీ తీస్తే అది 3కి మారి ఉండొచ్చు. అప్పుడు 3 విడిచి 1కి రావాలి, ఆ తర్వాతే క్లచ్ పట్టుకోవాలి.

ఇదంతా అయ్యాక టర్బో సంగతి. 1 లీటర్ టర్బో ఇంజన్ల గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) సాధారణంగా 1,500 నుంచి 1,750 ఆర్‌పీఎం మధ్య మొదలవుతుంది. ఉదాహరణకు హ్యుందాయ్ 1 లీటర్ టర్బోలో సుమారు 172 ఎన్‌ఎం 1,500 దగ్గర, ఫోక్స్‌వ్యాగన్ 1 లీటర్ టీఎస్ఐలో 178 ఎన్‌ఎం 1,750 దగ్గర. 800 ఆర్‌పీఎంలో టర్బో ఊదే గాలి లేనట్టే. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఏసీ కూడా లాగుతున్న ఒక చిన్న మూడు సిలిండర్ల ఇంజన్, అంతే. ఒక్కో పనికి సెకనులో ఒకటి రెండు పదో వంతులే పట్టినా, అన్నీ కలిస్తే మీరు చెప్పిన సెకను అవుతుంది. చివర్లో టర్బో అందుకునేసరికి మీ కాలు కిందిదాకా తొక్కి ఉంటుంది కాబట్టి ఆ దూకుడు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 50 కి.మీ. వేగంతో ఎదురొచ్చే బండి ఒక సెకనులో సుమారు 14 మీటర్లు ముందుకొస్తుంది. ఈ కారుతో నడిపినంత కాలం సందు లెక్క ఆ మేరకు పెంచుకోవాల్సిందే.

కాలు వాడే తీరు మార్చుకుంటే సగం తేడా కనిపిస్తుంది. కావలసిన క్షణంలో గట్టిగా తొక్కడం కాదు, దానికి ఒక సెకను ముందే బ్రేక్ పూర్తిగా వదిలి యాక్సిలరేటర్ మీద పాదం బరువు ఆనించినంతగా, పదో వంతు మాత్రం నొక్కి ఉంచండి. క్లచ్ పట్టుకుంటుంది, గేర్ తేలిపోతుంది, పళ్ల సందు పూడుతుంది. బండ్ల మధ్య సందు దొరగ్గానే మూడో వంతు దాకా నొక్కండి. ఒక్కసారిగా కిందిదాకా తొక్కితే కంప్యూటర్ దాన్ని కిక్‌డౌన్‌గా, అంటే గేర్ దించమన్న ఆదేశంగా తీసుకుని మళ్లీ గేర్ వెతుకుతుంది, ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇంకో మార్గం, యూటర్న్‌కి ముందే స్పోర్ట్ మోడ్‌లోకి గానీ మాన్యువల్ మోడ్‌లో 1వ గేర్‌లోకి గానీ మార్చుకోవడం. అనుమానంగా ఉంటే పూర్తిగా ఆగండి. ఆగిన డీసీటీలో 1వ గేర్ సిద్ధంగా ఉంటుంది. పాకుతూ వెళ్లేదానికన్నా ఆగి బయల్దేరేదే ముందు మలుపు దాటుతుంది.

లోపం ఉందో లేదో తేల్చడానికి ఖాళీ రోడ్డు మీద నాలుగు పరీక్షలు చేయండి. ప్రతిసారీ 10 కి.మీ.కి తగ్గించి, ఒకే మేరకు తొక్కండి. మొదట మామూలుగా, తర్వాత ఏసీ ఆపి, తర్వాత ఐడిల్ స్టార్ట్-స్టాప్ (బండి ఆగితే ఇంజన్‌ని తనంతట ఆపేది), ఆటో హోల్డ్ (బ్రేక్‌ని తనంతట పట్టి ఉంచేది) ఆపి, చివరికి మాన్యువల్ 1వ గేర్‌లో. చివరి పరీక్షలో ఆలస్యం దాదాపు మాయమైతే అది గేర్ ఎంపిక సమస్య, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడగొచ్చు. 1వ గేర్‌లోనూ అంతే ఉంటే ఇంజన్ వైపు చూడాలి. స్టార్ట్-స్టాప్ ఆపితే పోయిందంటే ఇంకేం వెతకక్కర్లేదు. కొన్ని కార్లలో పూర్తిగా ఆగకముందే ఇంజన్ ఆగిపోతుంది. యూటర్న్ అంచున ఇసుక ఉండి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి తొక్కినప్పుడే ఇలా అవుతుంటే మీటర్లో జారే కారు బొమ్మ మినుకుతుందేమో గమనించండి. చక్రం జారడం చూసి ట్రాక్షన్ కంట్రోల్ బలం తగ్గిస్తుంటుంది. అది దాని పని.

నార్మల్ కానివి ఏవంటే: కదిలేటప్పుడు కారంతా వణకడం, ఆర్‌పీఎం 3,000 దాకా ఎగిరినా వేగం పెరగకపోవడం, కొన్నప్పుడు లేని ఆలస్యం ఇప్పుడు రావడం, ఇంజన్ వేడెక్కాక మాత్రమే రావడం. వీటిలో ఏది ఉన్నా క్లచ్ అడాప్టేషన్ మళ్లీ చేయించాలి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి స్కానర్ ద్వారా కొత్తగా నేర్పడం అది. జాబ్ కార్డులో "పికప్ లేదు" అని రాయించకండి. ఆ మాటకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. "బ్రేక్ వదిలి 10 కి.మీ. వేగంలో సగం యాక్సిలరేటర్ ఇస్తే సెకనుకు పైగా స్పందన లేదు, ఏసీ ఆన్, ఇంజన్ వేడి" అని రాయించండి. పక్కన కూర్చున్నవారితో మీటర్ కనిపించేలా వీడియో తీయించండి. ఇంజన్, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్లు అప్‌డేట్‌కి ముందూ తర్వాతా రాసివ్వమనండి. రెండూ ఒకటే అయితే అప్‌డేట్ జరగనట్టే.

ప్రశ్న: నాదీ డీసీటీయే. సాయంత్రం మియాపూర్ వైపు ట్రాఫిక్‌లో అరగంట పాకాక "ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది" అని వచ్చింది. తర్వాత బండి మరీ బద్ధకంగా కదిలింది. క్లచ్ పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఒక్కసారికి పోదు. కానీ అలవాటు మారకపోతే ఆయుష్షు తగ్గుతుంది. మన దగ్గర అమ్మిన డీసీటీల్లో ఎక్కువ భాగం పొడి క్లచ్‌లవే. ఫోక్స్‌వ్యాగన్ డీక్యూ200, హ్యుందాయ్, కియా 7 స్పీడ్ ఈ కోవవి. నూనెలో మునిగి ఉండే క్లచ్ అయితే వేడిని నూనె తీసుకుపోతుంది. టాటా 2022లో ఆల్ట్రోజ్‌కి ఇచ్చిన డీసీఏ అనే గేర్‌బాక్స్ ఆ రకం. పొడి క్లచ్‌కి చుట్టూ ఉన్న గాలే దిక్కు. హద్దు దాటి వేడెక్కితే కంప్యూటర్ క్లచ్‌ని కాపాడుకోవడానికి ఇంజన్ బలం తగ్గిస్తుంది. మీరు చూసిన బద్ధకం అదే.

వేడి ఎక్కువ పుట్టేది బ్రేక్‌ని అరకొరగా నొక్కి అంగుళం అంగుళం పాకించేటప్పుడు. అప్పుడు క్లచ్ సగం పట్టుకుని రాపిడిలో ఉంటుంది. బ్రేక్ గట్టిగా నొక్కి ఆపితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది, కాబట్టి చిన్న సిగ్నల్ దగ్గర ప్రతిసారీ న్యూట్రల్‌కి మార్చాల్సిన పని లేదు. ముందు బండికీ మీకూ మధ్య ఒక కారు పట్టేంత ఖాళీ ఏర్పడేదాకా ఆగి, బ్రేక్ పూర్తిగా వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ఒకే ఊపులో వెళ్లి ఆగండి. వెనకాల హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. ఆ ఖాళీలో దూరే ఆటోలు, బైకులు ఎలాగూ దూరతాయి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. హెచ్చరిక మళ్లీ వస్తే రోడ్డు పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి, ఇంజన్ ఆపకుండా సందేశం పోయేదాకా ఆగండి. చల్లారాక కూడా కదిలేటప్పుడు వణుకు మిగిలితే క్లచ్ ప్లేట్ ముఖం గాజులా నున్నబడి ఉండవచ్చు, చూపించండి.

ప్రశ్న: మాది ఏఎంటీ హ్యాచ్‌బ్యాక్, నాలుగేళ్లయింది. బెంజ్ సర్కిల్ దగ్గర నెమ్మదించి మళ్లీ తొక్కితే తల ఊగుతుంది, ఒక్కోసారి ఏమీ రాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆగితే వెనక్కి జారుతోంది. రిపేరా, అలవాటా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ, గేర్ మార్చే పనీ యాక్చుయేటర్ అనే యంత్రానికి అప్పగించారు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైంది. ఒకటే క్లచ్ కాబట్టి గేర్ మారుతున్నంతసేపూ చక్రాలకు బలం అందదు. అందులోనూ 10 కి.మీ. దగ్గర 2 నుంచి 1కి రావడం దీనికి అన్నిటికన్నా కష్టమైన పని. మీ తల ఊగేది ఆ విరామం వల్లే.

M లో పెట్టి, వేగం 10 కిందికి పడ్డప్పుడు మైనస్ వైపు ఒకసారి తట్టి 1వ గేర్ మీరే వేసుకోండి, తర్వాత D కి వచ్చేయండి. గేర్ మారబోతున్నట్టు అనిపించినప్పుడు కాలు కొంచెం తేలిక చేస్తే ఊపు తగ్గుతుంది. అలవాటయ్యాక మీకు తెలియకుండానే జరిగిపోతుంది. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాక వదలండి. హిల్ హోల్డ్ ఉంటే అది సుమారు రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది, ఆలోపే కదలాలి.

నాలుగేళ్ల బండి కాబట్టి అలవాటొక్కటే అనీ అనలేం. క్లచ్ ప్లేట్ అరిగే కొద్దీ అది పట్టుకునే చోటు జరుగుతుంది. కంప్యూటర్ పాత లెక్కలోనే ఉంటే పట్టు కోసం వెతుక్కుంటుంది. కాబట్టి క్లచ్ లెర్నింగ్ చేయించండి. క్లచ్ సెట్ మార్చినప్పుడు ఇది తప్పనిసరి. క్లచ్ మార్చాక ఏఎంటీ పాడైందని చాలామంది చెప్పే కథల వెనక ఈ లెర్నింగ్ చేయకపోవడమే ఉంటుంది. చాలా ఏఎంటీల్లో యాక్చుయేటర్‌కి హైడ్రాలిక్ నూనె డబ్బా విడిగా ఉంటుంది, దాని మట్టం చూడమనండి. బ్యాటరీనీ వదలొద్దు. నూనె పంపు నడిచేది కరెంటుతోనే, బ్యాటరీ నీరసిస్తే గేర్లు నీరసిస్తాయి. ఇంజన్ ఆపి ఓ రాత్రి ఉంచాక బ్యాటరీ 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే ముందు దాన్ని ఛార్జ్ చేయించి లేదా మార్చి, తర్వాతే మిగతా ఖర్చుల జోలికి వెళ్లండి.

ప్రశ్న: నా సీవీటీ సెడాన్‌కి ఓ వింత అలవాటు. మామూలుగా ఆగి కదిలితే బాగానే ఉంటుంది. బీచ్ రోడ్డు మీద ఎవరో అడ్డం వచ్చి గట్టిగా బ్రేక్ వేసి, వెంటనే కదిలితే మాత్రం 3వ గేర్‌లో బయల్దేరినట్టు ఈడుస్తుంది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు "3వ గేర్‌లో" అన్నది సరైన వర్ణన. సీవీటీలో పళ్ల గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టు ఉంటాయి. ఒక్కో పుల్లీలోని రెండు పలకలు దగ్గరా దూరం జరుగుతుంటే నిష్పత్తి మారుతుంది. ఈ జరగడం పుల్లీలు తిరుగుతున్నప్పుడే సాఫీగా సాగుతుంది. నెమ్మదిగా ఆగితే చక్రాలు తిరుగుతూ ఉండగానే బెల్టు బయల్దేరే స్థానానికి వచ్చేస్తుంది. 60 నుంచి సున్నాకి ఒక్క పెట్టున ఆగితే దానికి ఆ వ్యవధి దొరకదు, బెల్టు మధ్యలోనే నిలిచిపోతుంది. మళ్లీ కదిలినప్పుడు ఆ పై గేర్ లాంటి నిష్పత్తితోనే మొదలై, చక్రాలు కొంత తిరిగాక సర్దుకుంటుంది. టయోటా కొన్ని సీవీటీల్లో బయల్దేరడానికి విడిగా ఒక పళ్ల గేర్ పెట్టింది. తక్కువ వేగంలో బెల్టుకు ఉండే ఇలాంటి బలహీనతల్ని తప్పించడానికే అది.

గట్టి బ్రేక్ తర్వాత యాక్సిలరేటర్ మెల్లగా ఇచ్చి, ఒకటి రెండు మీటర్లు కదిలాక పెంచండి. మొదటే గట్టిగా తొక్కితే బెల్టు మీద భారం పడుతుంది. గేర్ లివర్‌లో L లేదా S ఉంటే అది వేసినా బండి కదిలాకే ఫలితం తెలుస్తుంది.

మామూలుగా ఆగినప్పుడు కూడా ఇలాగే అయితే, లేదా కదిలేటప్పుడు సన్నని ఊళ వినిపిస్తే నూనె చూడాలి. సీవీటీ నూనెలో బెల్టు, పుల్లీ మధ్య పట్టు నిలిపే గుణం ఉంటుంది. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె (ఏటీఎఫ్) పోస్తే ఆ పట్టు పోయి బెల్టు గీసుకుంటుంది, మళ్లీ బాగవదు. హోండాకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కి ఎన్ఎస్-3, హ్యుందాయ్ ఐవీటీకి ఎస్పీ-సీవీటీ1 అని డబ్బా మీద పేరు చూసి పోయించండి. "అన్నిటికీ సరిపోయే నూనె" అని చెప్పే చోట పోయించొద్దు. ఊరి ట్రాఫిక్‌లోనే తిరిగే బండికి 40,000 కి.మీ.కి ఓసారి మార్పించడం మా సలహా, కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఇంకా తొందరగా మార్చమంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: పెడల్ దగ్గర తగిలించే "థ్రాటిల్ కంట్రోలర్" పెట్టుకుంటే పికప్ లాగ్ పోతుందని షాపులో చెబుతున్నారు. కొనమంటారా?
— గుంటూరు పాఠకుడు

జవాబు: వద్దు. అది పెడల్ సంకేతాన్ని పెంచి చూపిస్తుంది. మీరు 20 శాతం నొక్కితే కంప్యూటర్‌కి 40 అని చెబుతుంది. మీరే 40 నొక్కితే వచ్చేదీ అదే. క్లచ్ పట్టుకునే ఆలస్యం, గేర్ వెతుక్కునే ఆలస్యం, టర్బో ఆలస్యం అంతే ఉంటాయి. కాకపోతే ఇరుకు చోట పార్క్ చేసేటప్పుడు బండి ఎగిరి పడుతుంది. దానికి తోడు పెడల్‌లోని రెండు సెన్సర్ల లెక్క కలవకపోతే పి2138 లాంటి కోడ్ పడి బండి లింప్ మోడ్‌లోకి (బలం తగ్గించి నెమ్మదిగా మాత్రమే నడిచే స్థితికి) వెళ్లవచ్చు, వారంటీ దగ్గరా పేచీ వస్తుంది.

ప్రశ్న: మాది డీజిల్ 7 సీటర్, 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు నూనెతో బలం అందించేది) ఆటోమేటిక్, 72,000 కి.మీ. ఇన్నాళ్లూ వెన్నలా నడిచింది. రెండు నెలల నుంచి స్పీడ్‌బ్రేకర్ దాటి తొక్కితే తడబడుతోంది. ఒక మెకానిక్ టర్బో మార్చాలన్నాడు, ఇంకొకాయన గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) అంటున్నాడు.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండింటికీ తొందరపడకండి. పైన మిగతావారికి చెప్పిన "ప్రోగ్రామే అంత" అన్న మాట మీకు వర్తించదు. 70,000 కి.మీ. బాగా నడిచి ఇప్పుడు మారిందంటే ఏదో అరిగింది, పూడింది, లేదా వదులైంది. పైసా ఖర్చు లేనివాటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ రెండు నెలల్లో కొత్త మ్యాట్లు వేయించారా? మందపాటి 7డీ మ్యాట్ల అంచు యాక్సిలరేటర్ కింద ఇరుక్కుని పెడల్ పూర్తిగా దిగకపోవడం చాలా మామూలు. అంతకన్నా ప్రమాదం, నొక్కిన పెడల్ పైకి రాకుండా అది పట్టేయడం. మ్యాట్ తీసి నడిపి చూడండి.

తర్వాత బ్రేక్ స్విచ్. యాక్సిలరేటర్, బ్రేక్ రెండూ ఒకేసారి నొక్కి ఉన్నాయనిపిస్తే ఇప్పటి కార్లు ఇంజన్ బలాన్ని కోసేస్తాయి, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. పెడల్ పైన ఉండే స్విచ్ సర్దుబాటు తప్పితే, మీరు కాలు తీసినా "ఇంకా బ్రేక్ మీదే ఉన్నాడు" అని కంప్యూటర్ అనుకుంటుంది. స్పీడ్‌బ్రేకర్ దాటాక తడబాటుకు ఇది సరిగ్గా సరిపోతుంది. రాత్రి గోడకు వెనుక భాగం పెట్టి బండి ఆపి, బ్రేక్ నొక్కి నెమ్మదిగా వదలండి. కాలు తీసిన వెంటనే గోడ మీది ఎర్ర వెలుగు పోవాలి. ఆలస్యంగా పోయినా, మినుకుమన్నా స్విచ్ మార్చండి, అది చవక భాగమే. కొన్ని బండ్లలో పి0504 అనే కోడ్ కూడా పడుతుంది. ఎడమ కాలితో బ్రేక్ నొక్కే అలవాటు ఉన్నవారికి స్విచ్ బాగున్నా ఇదే తడబాటు వస్తుంది. ఒక్క కుడి కాలే వాడాలి.

ఇవి కాదని తేలాక గాలి దారి. ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుల క్లిప్పులు చూడండి. పైపు పగిలిందంటే తొక్కినప్పుడు "సుయ్" మని చప్పుడు, పైపు మీద నూనె తడి ఉంటాయి. ఆ తర్వాత స్కానర్‌లో రెండు అంకెలు పక్కపక్కన చూపించమనండి: కంప్యూటర్ అడిగిన బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్. 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య రెండోది బాగా వెనకబడితే, బూస్ట్ తక్కువని చెప్పే పి0299 కోడ్ కూడా ఉంటే, అప్పుడు టర్బో వైపు వెళ్లాలి. అప్పుడు కూడా ముందు చూడాల్సింది టర్బో రెక్కల కోణం మార్చే యంత్రాంగం మసి పట్టి బిగుసుకుందా అని. పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో తెరుచుకునే ఉండిపోయినా తక్కువ ఆర్‌పీఎంలో ఇలాగే ఊపిరాడనట్టు ఉంటుంది. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే డీజిల్ బండికి ఈ మసి తప్పదు. వారానికోసారి హైవే మీద అరగంట నడపండి.

బూస్ట్ బాగుండి, ఆర్‌పీఎం పైకి ఎగిరి వేగం మాత్రం వెనకబడుతుంటే గేర్‌బాక్స్ నూనె సంగతి. ఈ రకం గేర్‌బాక్స్‌లో పంపుని తిప్పేది ఇంజనే. ఐడిల్ దగ్గర నూనె ఒత్తిడి ఎలాగూ తక్కువ, పాతబడిన నూనెతో లోపలి క్లచ్‌లు నిండటానికి ఇంకొంచెం సమయం పడుతుంది. "జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాట నమ్మకండి. ఒకసారి కింది బోల్టు విప్పి దింపితే సగం లోపు నూనే బయటికొస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకని కొన్ని వందల కి.మీ. ఎడంతో రెండుసార్లు మార్పించండి. మట్టం చూడాల్సింది నూనె చెప్పిన వేడికి వచ్చాక, ఇంజన్ నడుస్తుండగా. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపేస్తే ఎక్కువైపోతుంది. దింపిన నూనెలో లోహపు మెరుపు తునకలు, మాడు వాసన ఉంటే మాత్రమే ఓవర్‌హాల్ మాట మాట్లాడాలి.

ప్రశ్న: ఇక్కడ 2 లీటర్ టర్బో, 8 స్పీడ్ ఆటోమేటిక్ నడుపుతున్నాను. స్టాప్ సైన్ దగ్గర దాదాపు ఆగి కదిలినప్పుడు తటపటాయిస్తుంది. ఇండియాలో అమ్మానాన్నల చిన్న కారు కూడా అంతే అంటున్నారు. ఇంత పెద్ద ఇంజన్‌కీ ఎందుకు?
— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: టార్క్ కన్వర్టర్ నిలబడి కదిలేటప్పుడు ఇంజన్ టార్క్‌ని సుమారు రెండింతలు చేసి ఇస్తుంది, కాబట్టి పూర్తిగా ఆగి కదిలితే మీ బండికి లోటుండదు. మీ చిక్కు "దాదాపు ఆగడం" లోనే ఉంది. 8 గేర్ల బండి ఆగేలోపు వరుసగా చాలా మెట్లు దిగాలి. 3 నుంచి 2కి మెత్తగా దిగుతున్న మధ్యలో మీరు తొక్కితే, మొదలుపెట్టిన ఆ మార్పుని ముగించి, తర్వాతే బలమైన మార్పు మొదలెడుతుంది. స్టాప్ సైన్ దగ్గర చక్రాలు పూర్తిగా నిలపాలన్నది అక్కడి చట్టం కూడా. అలా ఆగితే గేర్‌బాక్స్ 1కి వచ్చేస్తుంది, టికెట్ భయమూ ఉండదు. బయల్దేరగానే స్టార్ట్-స్టాప్ బటన్ నొక్కి ఆపేయడం ఇంకో చిట్కా. చాలా బండ్లలో ప్రతిసారీ నొక్కాల్సిందే.

ప్రశ్న: ఈ20 పెట్రోల్ వచ్చాకే నా ఆటోమేటిక్ మందగించిందని అనుమానం.
— ఖమ్మం పాఠకుడు

జవాబు: ఒక లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిపితే లీటరుకు సుమారు 7 శాతం తగ్గుతుంది. అది మైలేజీలో కనిపిస్తుంది. ఆగబోయి కదిలేటప్పుడు ఒక సెకను ఆలస్యం దానివల్ల రాదు. చల్లని ఇంజన్‌తో మొదటి రెండు మూడు నిమిషాలే తడబడుతుంటే ప్లగ్గులు, ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీలో మసి చూపించండి. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక ఐడిల్ రీలెర్న్ (ఐడిల్ వేగాన్ని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేయమనండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ రెక్కని వేలితో నెట్టనివ్వకండి, లోపలి మోటారు పళ్లు దెబ్బతింటాయి.

ప్రశ్న: కొత్తగా ఆటోమేటిక్ కొనబోతున్నాం. టెస్ట్ డ్రైవ్‌లో ఈ లాగ్ ముందే పట్టుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: షోరూమ్ వాళ్లు ఖాళీ రోడ్డు మీద 60, 80 వేగంతో తిప్పి తెస్తారు. అక్కడ ఏ ఆటోమేటిక్ అయినా బాగుంటుంది. మీరు మధ్యాహ్నం పూట, ఏసీ పూర్తిగా పెట్టి, ఇంటిల్లిపాదిని ఎక్కించుకుని వెళ్లండి. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక 10 కి.మీ.కి తగ్గించి, సగం దాకా తొక్కండి. ఇదే పని 5 కి.మీ. దగ్గర, 15 దగ్గర, ఒక యూటర్న్‌లో, ఒక ఎత్తు మీద చేయండి. చివరిగా గట్టిగా బ్రేక్ వేసి వెంటనే కదిలి చూడండి. స్ట్రాంగ్ హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మోటారు సున్నా వేగం నుంచే టార్క్ ఇస్తుంది కాబట్టి ఈ పరీక్షలో తేడా వెంటనే తెలుస్తుంది.

ముఖ్యంగా మీరు కొనే ఇంజన్, గేర్‌బాక్స్ జతే నడపండి. ఒకే పేరున్న కారులో రెండు వేర్వేరు ఆటోమేటిక్‌లు ఉండొచ్చు. 2021లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టైగన్‌లో 1 లీటర్‌కి 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్‌కి 7 స్పీడ్ డీసీటీ ఇచ్చారు. ఆగబోయి కదిలేటప్పుడు ఆ రెండూ రెండు వేర్వేరు కార్లు. షోరూమ్‌లో ఆ జత లేదంటే బుకింగ్ డబ్బు కట్టకుండా పక్క ఊరి షోరూమ్‌కి ఫోన్ చేయించండి.